తీర్పు ఎడమ పక్క, మంత్రి మాట కుడి పక్క: కాలువ గట్టు పఠనాలయంలోని తీర్పుల ఫైళ్ళు

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో, కాలువ గట్టు మీద, పాత పెంకుటింట్లో నడుస్తున్న ఒక పఠనాలయం గురించి ఈ సమీక్ష. దినపత్రికలు, వారపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు అన్ని పఠనాలయాల్లో ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి; నేను రాయదలచుకున్నది వాటి గురించి కాదు. ఉగ్రవాద కేసుల్లో న్యాయస్థానాలు ఇచ్చిన తీర్పులనూ, ఆ తీర్పుల మీద మంత్రులు, ముఖ్యమంత్రులు బహిరంగంగా అన్న మాటలనూ ఒకే ఫైలులో ఎదురెదురుగా పెట్టి, ఎవరు వచ్చి అడిగినా కూర్చోబెట్టి చదివించే సేవ ఒకటి ఇక్కడ ఉంది. అటు కోనసీమలో గానీ ఇటు పశ్చిమ డెల్టాలో గానీ ఇలాంటిది మరొకటి నా కంటపడలేదు. తమ పేర్లు, పఠనాలయం పేరు రాయవద్దని నిర్వాహకులు కోరారు కనుక రాయడం లేదు. ఆ దారిలో ఎవరిని అడిగినా చూపిస్తారు.

దీన్ని నడిపేవారు ఇద్దరు. ఒకరు కోర్టులో పనిచేసి రిటైరైన ఉద్యోగి, మరొకరు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పిన మాస్టారు. తీర్పు ప్రతులను సంపాదించి ముద్రించడం, తేదీలు సరిచూడడం మొదటివారి పని. ముఖ్యమైన పేరాలను తెలుగులో సంగ్రహించడం, పత్రికల కటింగులు అతికించడం రెండోవారి పని. ఈ సేవ ఎందుకు అవసరమో వివరించడానికి పెద్ద వాదన అక్కరలేదు. ఉగ్రవాద కేసులో తీర్పు అంటే ఇంగ్లీషులో వందల పేజీలు. అది వెలువడిన గంటలోనే ఒక మంత్రి ఒక వాక్యం అంటారు. సాయంత్రానికి టీ దుకాణం దగ్గరకు చేరేది ఆ వాక్యమే తప్ప తీర్పు కాదు. నెల తిరిగేసరికి కోర్టు ఏ కారణాలు చెప్పిందో ఎవరికీ గుర్తుండదు, మంత్రి అన్న మాట మాత్రం అందరికీ నోటికి వస్తుంది. మంత్రి కోర్టు బయట నిలబడి చూసిన మనిషి కాదు, కేసు నడిపిన ప్రభుత్వంలో భాగస్వామి. ఆ కారణంగానే ఆయన మాటను తీర్పు పక్కన పెట్టి చదవవలసిన అవసరం ఉంది. ఈ పఠనాలయం చేస్తున్న పని అదే, శ్రద్ధగా చేస్తోంది.

ఫైలు ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సేవ గొప్పతనమంతా ఆ అమరికలోనే ఉంది. నీలం అట్ట, కోర్టు దస్త్రాలకు కట్టే తెల్ల ట్యాగు. అట్ట మీద ఎర్ర సిరాతో గీసిన మూడు గడులు: తీర్పు చదివి వినిపించిన తేదీ, పూర్తి తీర్పు ప్రతి బయటకు వచ్చిన తేదీ, మంత్రి మాట్లాడిన తేదీ. లోపల ఎడమ పేజీలో తీర్పులోని కీలక భాగం, దాని తెలుగు సంగ్రహం, అసలు పేరా సంఖ్య ఉంటాయి. కుడి పేజీలో మంత్రి మాట, అది వచ్చిన పత్రిక కటింగు, తేదీ. ఆ తరువాత అప్పీలు ఏమైందో తెలిపే పేజీ. నిర్వాహకుల అభిప్రాయం ఎక్కడా ఒక్క ముక్క కూడా కనిపించదు. అట్ట మీది ఆ మూడు గడులను చూస్తే చాలు, ఎవరు చదివి మాట్లాడారో, ఎవరు చదవకుండా మాట్లాడి ఉండవచ్చో పాఠకుడికే తోస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా అరిగిపోయిన ఫైలు 2025 జూలై నెలది. ఆ నెలలో పది రోజుల తేడాతో ముంబయిలో రెండు తీర్పులు వచ్చాయి. మొదటిది జూలై 21న బొంబాయి హైకోర్టు ఇచ్చినది. 2006 జూలై 11న ముంబయి లోకల్ రైళ్ళలో పదకొండు నిమిషాల వ్యవధిలో ఏడు బాంబులు పేలి 180 మందికి పైగా చనిపోయిన కేసు అది. 2015లో ప్రత్యేక న్యాయస్థానం పన్నెండు మందిని దోషులుగా తేల్చి, ఐదుగురికి మరణశిక్ష, ఏడుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. హైకోర్టు పన్నెండు మందినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. రెండవది జూలై 31న ముంబయిలోని జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) ప్రత్యేక న్యాయస్థానం ఇచ్చినది. 2008 సెప్టెంబరు 29న మాలేగావ్‌లో మోటారు సైకిలుకు అమర్చిన బాంబు పేలి ఆరుగురు మరణించిన కేసు అది. బి.జె.పి. మాజీ ఎంపీ ప్రజ్ఞాసింగ్ ఠాకూర్, సైన్యాధికారి లెఫ్టినెంట్ కల్నల్ పురోహిత్ సహా ఏడుగురు నిందితులనూ కోర్టు విడుదల చేసింది.

ఇప్పుడు కుడి పేజీలు. మహారాష్ట్ర ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ మొదటి తీర్పు దిగ్భ్రాంతి కలిగించిందనీ, సుప్రీంకోర్టులో సవాలు చేస్తామనీ అదే రోజు ప్రకటించారు. రెండవ తీర్పు వచ్చిన రోజున, ఉగ్రవాదం ఎన్నడూ కాషాయం కాదు, ఇప్పుడు కాదు, ఇకముందు కాబోదు అని ఎక్స్‌లో రాశారు. ముఖ్యమంత్రి ఒకరే, నెల ఒకటే, రెండు కేసుల్లోనూ నిందితులందరూ విడుదలయ్యారు. ఒక విడుదల ఆయనకు ఆశ్చర్యమూ బాధా కలిగిస్తే, మరొక విడుదల ఒక వాదానికి ఋజువుగా కనిపించింది. రెండూ పక్కపక్కన చదివేదాకా ఈ తేడా ఎంత పెద్దదో నాకు బోధపడలేదు; విడివిడిగా టీవీలో విన్నప్పుడు రెండూ వేర్వేరు వార్తలుగానే వెళ్ళిపోయాయి.

ఎడమ పేజీలు చదివితే విషయం ఇంకా లోతుగా కనిపిస్తుంది. రైలు పేలుళ్ళ కేసులో హైకోర్టు తీర్పు 670 పేజీలకు పైగా ఉంది. నేరాంగీకార వాంగ్మూలాలను నమ్మడానికి వీల్లేదని, సాక్షులతో నిందితులను గుర్తింపజేసే పరేడ్ చట్టప్రకారం జరగలేదని, పేలుళ్ళు జరిగి వంద రోజులు దాటాక ముందుకు వచ్చిన టాక్సీ డ్రైవర్ల గుర్తింపు మీద ఆధారపడలేమని, వాడినవి ఏ రకం బాంబులో కూడా ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని అందులో ఒక్కొక్కటిగా వివరించారు. మాలేగావ్ తీర్పు వెయ్యి పేజీలు దాటింది. 323 మంది సాక్షులను విచారించగా ముప్పై మందికి పైగా అడ్డం తిరిగారు. మోటారు సైకిలు ఎవరిదో నిశ్చయంగా తేలలేదు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (యు.ఎ.పి.ఎ.) కింద విచారణకు ఇచ్చిన అనుమతి ఉత్తర్వులే లోపభూయిష్ఠమని కోర్టు చెప్పింది. ఉగ్రవాదానికి మతం లేదని చెబుతూనే, అనుమానం ఎంత బలమైనదైనా ఋజువుకు బదులు నిలబడదని స్పష్టం చేసింది. ఈ రెండు కేసులనూ మొదట దర్యాప్తు చేసింది ఒకే సంస్థ, మహారాష్ట్ర ఉగ్రవాద వ్యతిరేక దళం. మాలేగావ్ కేసు 2011లో ఎన్‌ఐఏకు వెళ్ళింది. అంటే దర్యాప్తు ఎక్కడ విఫలమైందన్న ప్రశ్న రెండు తీర్పుల్లోనూ ఉంది. హోం శాఖ కూడా తన చేతిలోనే ఉన్న ముఖ్యమంత్రి జవాబు చెప్పవలసిన ప్రశ్న అది. నేను చూసిన కుడి పేజీల్లో ఆ జవాబు లేదు.

అప్పీలుకు వెళతామని చెప్పడం ఆయన బాధ్యత. అందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు. నిజానికి ప్రభుత్వం మర్నాడే సుప్రీంకోర్టు తలుపు తట్టింది. జూలై 24న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా ఫైలులో ఉంది: హైకోర్టు తీర్పును ఇతర కేసుల్లో పూర్వోదాహరణగా వాడకూడదని చెబుతూనే, విడుదలైనవారు మళ్ళీ జైలుకు వెళ్ళనక్కరలేదని కోర్టు తేల్చింది. టీవీలో తీర్పు నిలిపివేత అని వినిపించిన వార్తలో ఆ రెండో భాగం ఎంతమంది చెవికి చేరిందో నాకు సందేహమే. పఠనాలయానికి వచ్చిన కాలేజీ కుర్రవాళ్ళు ఇద్దరు ఆ పేజీ చదివి, వాళ్ళందరినీ మళ్ళీ లోపల వేశారనుకున్నాం అని నాతో అన్నారు.

ఇక్కడి ఫైళ్ళు ఒక పార్టీ మీద గురిపెట్టినవి కావు. ఈ సేవ మీద నాకు నమ్మకం కలిగింది ఆ కారణం వల్లనే. మాలేగావ్ ఫైలులో ముందు భాగమంతా తీర్పు రాకముందటి మాటలు. 2010 ఆగస్టులో అప్పటి కేంద్ర హోం మంత్రి చిదంబరం పోలీసు ఉన్నతాధికారుల సమావేశంలో కాషాయ ఉగ్రవాదం అన్న మాట, 2013 జనవరిలో తరువాతి హోం మంత్రి సుశీల్‌కుమార్ షిండే జైపూర్ కాంగ్రెస్ సభలో రెండు సంస్థల పేర్లు చెప్పి చేసిన ఆరోపణ, మరుసటి నెలలో ఆయన వ్యక్తం చేసిన విచారం, అన్నీ తేదీలతో ఉన్నాయి. కేసు ఇంకా తేలకముందే ఇద్దరు హోం మంత్రులు ఆ మాటలు అన్నారు; 2013 నాటికి దర్యాప్తు సంస్థ కూడా ఆ శాఖ కిందనే ఉంది. 2025లో వచ్చిన మాటను తప్పుపట్టేవారు 2010 నాటి మాటను సమర్థించడం ఎలాగో నాకు అర్థం కాదు. ఆ రెండు పేజీలనూ ఒకే ట్యాగుకు గుచ్చినందుకు నిర్వాహకులను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

అట్ట మీది మూడు గడుల విలువ తెలియాలంటే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఫైలు చూడాలి. 2007 ఫిబ్రవరిలో పాకిస్తాను వైపు వెళ్ళే ఆ రైలులో బాంబులు పేలి 68 మంది సజీవంగా కాలిపోయిన కేసులో పంచకుల ప్రత్యేక న్యాయస్థానం 2019 మార్చి 20న నలుగురినీ విడుదల చేసింది. పూర్తి తీర్పు మార్చి 28న గానీ బయటకు రాలేదు. మధ్యలో ఎనిమిది రోజుల పాటు దేశమంతా వ్యాఖ్యలే. కారణాలు చదివే వీలు మాత్రం ప్రజలకు లేదు. అప్పటి హోం మంత్రి రాజ్‌నాథ్ సింగ్ అప్పీలు చేయబోమన్నారు. తీర్పు పాఠం వెలువడ్డ మర్నాడు అప్పటి కేంద్ర మంత్రి అరుణ్ జైట్లీ విలేకరుల సమావేశం పెట్టి, సాక్ష్యం లేని కేసులు పెట్టారని గత ప్రభుత్వాన్ని దుయ్యబట్టారు. ఎడమ పేజీలో న్యాయమూర్తి రాసింది మరో రకంగా ఉంది. ఇంత ఘోరమైన నేరం నమ్మదగిన సాక్ష్యం లేక శిక్ష పడకుండా మిగిలిపోతున్నందుకు తీవ్రమైన బాధతో, వేదనతో తీర్పు ముగిస్తున్నానని ఆయన రాశారు. కీలకమైన సాక్ష్యాలను ప్రాసిక్యూషన్ కోర్టు ముందుకు తేనే లేదని కూడా రాశారు. ఆ ప్రాసిక్యూషన్ నడిపింది కేంద్ర సంస్థ. ఒక న్యాయమూర్తి తన వేదనను తీర్పులో రాసుకున్నప్పుడు ఆ శాఖ మంత్రి నుంచి ప్రజలు వినవలసిన మొదటి మాట, లోపం ఎక్కడ జరిగిందో చూస్తాం అన్నదే అయి ఉండాలని నా దృఢమైన అభిప్రాయం.

మన ప్రాంతంవారు ఎక్కువగా అడిగేవి హైదరాబాదు ఫైళ్ళు. అది సహజం. ఉద్యోగ పరీక్షల కోచింగ్ కోసం డెల్టా పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండని సంవత్సరం లేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ జంట పేలుళ్ళు జరిగినప్పుడు ఇక్కడి ఎన్నో ఇళ్ళలో ఫోన్లు కలవక తల్లిదండ్రులు అల్లాడారు. ఆ కేసులో 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష పడింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ధ్రువీకరించింది. 2007 ఆగస్టు నాటి లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళలో నలభై మందికి పైగా చనిపోగా, 2018 సెప్టెంబరులో ఇద్దరికి మరణశిక్ష, మరొకరికి యావజ్జీవం పడ్డాయి. అదే సంవత్సరం ఏప్రిల్ 16న మక్కా మసీదు పేలుడు కేసులో నాంపల్లి ప్రత్యేక న్యాయస్థానం స్వామి అసీమానంద సహా ఐదుగురిని విడుదల చేసింది, తీర్పు చెప్పిన న్యాయమూర్తి అదే రోజు రాజీనామా చేశారు. ఈ మూడు ఫైళ్ళూ ఒకే వరుసలో ఉంచారు. శిక్ష పడిన కేసులో తీర్పును మెచ్చుకోవడం ఎవరికైనా సులువే. అదే రాష్ట్రంలో, అదే చట్టం కింద వచ్చిన విడుదల తీర్పును కూడా అంతే ఓపికతో చదవగలిగినప్పుడే కోర్టు మీద గౌరవం ఉందని చెప్పుకోవచ్చు. మక్కా మసీదు సంగ్రహం మాత్రం ఒక్క పేజీకే పరిమితమైంది. ఆ కేసుకు అది చాలదు.

నా దృష్టిలో ఈ పఠనాలయంలోని అత్యుత్తమ ఫైలు అక్షరధామ్ కేసుది. 2002 సెప్టెంబరులో గాంధీనగర్ ఆలయం మీద జరిగిన దాడిలో ముప్పై మందికి పైగా చనిపోయారు. కింది కోర్టు, హైకోర్టు శిక్షలు వేశాయి. సుప్రీంకోర్టు 2014 మే 16న ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. ఆ రోజు లోక్‌సభ ఎన్నికల ఫలితాల రోజు కావడంతో తీర్పు ఎవరి దృష్టికీ రాలేదు. ఆ తీర్పులో మంత్రి పాత్ర మాటలకు పరిమితం కాదు. ఉగ్రవాద నిరోధానికి అప్పట్లో ఉన్న పోటా చట్టం కింద ఒక మనిషిని విచారించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చేటప్పుడు గుజరాత్ హోం మంత్రి ఏమాత్రం ఆలోచించకుండా సంతకం చేశారని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. పదకొండేళ్ళు జైల్లో ఉన్నవారు అలా బయటకు వచ్చారు. ఈ ఫైలు చదివాక, ఉగ్రవాద కేసుల్లో మంత్రిని కేవలం వ్యాఖ్యాతగా చూడడం నాకు సాధ్యం కాలేదు. విచారణ మొదలయ్యేది ఆయన శాఖ సంతకంతో. తీర్పు ఆయన శాఖ పనిని కూడా తూచి చెబుతుంది. అలాంటప్పుడు తీర్పు మీద ఆయన చేసే ప్రతి వ్యాఖ్యలోనూ తన పని గురించిన వ్యాఖ్య కొంత ఉంటుంది.

2008 ముంబయి దాడుల్లో పట్టుబడిన కసబ్ కేసు ఫైలు గురించి క్లుప్తంగా చెబుతాను. 2010 మే నెలలో తీర్పు వచ్చినప్పుడు, ఇది పాకిస్తానుకు సందేశం అని హోం మంత్రి అన్నారు. ఆ కేసులోనే ఇద్దరు భారతీయులను కోర్టు విడుదల చేసింది. ఆ విడుదలను హైకోర్టు, సుప్రీంకోర్టు రెండూ సమర్థించాయి. బహిరంగంగా, న్యాయవాదిని ఇచ్చి నడిపిన విచారణలో శిక్ష పడవలసినవాడికి శిక్ష పడింది, సాక్ష్యం లేనివారు బయటకు వచ్చారు. పొరుగు దేశానికి సందేశమే పంపాలనుకుంటే ఆ రెండో సగాన్ని కూడా కలిపి పంపి ఉండవలసింది.

ఆదివారం ఉదయం ఒక యువ న్యాయవాది వచ్చి ఫైళ్ళ మీద సందేహాలు తీరుస్తారు. రుసుము లేదు. రొయ్యల చెరువుల రైతులు, లేసు వ్యాపారులు, భీమవరం నుంచి లా చదివే పిల్లలు వస్తారు. నేను విన్న ఒక సంభాషణ ఈ సేవ స్వభావాన్ని బాగా చూపిస్తుంది. యలమంచిలి వైపు నుంచి వచ్చిన ఒక రైతు, “ఆయ్, అప్పీలుకెళ్తామని మంత్రిగారంటే తప్పేంటండీ లాయరుగారూ? కేసు నడిపింది ఆయన గవర్నమెంటే కదండీ,” అని అడిగారు. “తప్పేం లేదండి, అది ఆయన పనేనండి. కోర్టు ఫలానా సాక్ష్యాన్ని సరిగ్గా చూడలేదు, అందుకని వెళ్తున్నాం అని చెప్తే మీకూ నాకూ తెలుస్తుంది కదండీ. అది చెప్పకుండా తీర్పే తప్పంటే, ఆయన ఏ పేజీ గురించి అంటున్నాడో మనకెలా తెలుస్తుందండీ?” అని న్యాయవాది జవాబిచ్చారు. రైతు ఫైలు తన వైపు తిప్పుకొని, కళ్ళజోడు సర్దుకొని, గుర్తింపు పరేడ్ పేజీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారపు చర్చల్లో చట్టం గురించి తెలుసుకోదగినది చాలా ఉంటుంది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 5వ సెక్షన్ ప్రకారం, తుది నిర్ణయం వెలువడిన కేసులో తీర్పును న్యాయబద్ధంగా విమర్శించడం ధిక్కారం కాదు. అది మంత్రికీ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది. అయితే అదే చట్టం 3వ సెక్షన్ వివరణ ప్రకారం, అప్పీలుకు అవకాశం ఉన్నంతకాలం, లేదా అప్పీలు తేలేదాకా, కేసు నడుస్తున్నట్టే లెక్క. ఎన్‌ఐఏ చట్టం కింద హైకోర్టుకు అప్పీలు గడువు ముప్పై రోజులు, తగిన కారణం ఉంటే తొంభై రోజుల దాకా అనుమతించవచ్చు. కాబట్టి ప్రత్యేక న్యాయస్థానం తీర్పు చెప్పిన రోజున వచ్చే వ్యాఖ్యలన్నీ ఇంకా ముగియని కేసు మీద వచ్చేవే. ఈ సంగతి చాలామంది చదువుకున్నవారికి కూడా తెలియదు.

పాత ఉదాహరణలు ఒక విడి ఫైలులో ఉన్నాయి. న్యాయవ్యవస్థ వర్గ స్వభావం గురించి 1967లో మాట్లాడినందుకు కేరళ ముఖ్యమంత్రి ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌కు ధిక్కార శిక్ష పడింది. 1970లో సుప్రీంకోర్టు దాన్ని ధ్రువీకరించి, వెయ్యి రూపాయల జరిమానాను యాభైకి తగ్గించింది. మన హైదరాబాదుకు చెందిన న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్ 1987 నవంబరులో హైదరాబాదులోనే న్యాయవాదుల ఎదుట సుప్రీంకోర్టును ఘాటుగా విమర్శించారు. మాటల్లో మరికొంత సంయమనం ఉండవలసిందంటూనే అది ధిక్కారం కాదని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. కౌశల్ కిశోర్ కేసులో 2023 జనవరి 3న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ నిర్ణయంలో, మంత్రి అన్న మాటను సమష్టి బాధ్యత పేరిట ప్రభుత్వానికి అంటగట్టలేమని చెప్పింది. న్యాయపరంగా అది సరైనదే కావచ్చు. కానీ హోం మంత్రి మాటను వినే మనిషి దాన్ని ప్రభుత్వం మాటగానే వింటాడు. ఆ బరువు గుర్తించవలసింది మాట్లాడేవారే.

ఈ ఫైలులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన కాగితం 2016 ఫిబ్రవరి నాటి ఒక ఇంటర్వ్యూ కటింగు. పార్లమెంటు దాడి కేసులో అఫ్జల్ గురు విషయంలో నిర్ణయం బహుశా సరిగా జరగలేదన్న అభిప్రాయం నిజాయితీగా ఉండవచ్చని మాజీ హోం మంత్రి చిదంబరం అందులో అన్నారు. ప్రభుత్వంలో ఉండగా కోర్టు తప్పుగా తేల్చిందని అనలేమనీ, ప్రాసిక్యూట్ చేసింది ప్రభుత్వమే కదా అనీ ఆయనే వివరించారు. ఉరి అమలై అప్పటికి మూడేళ్ళు. పదవిలో ఉన్నప్పుడు నోరు కట్టేసుకోవలసిన పరిస్థితిని ఆయన ఒప్పుకున్న తీరు నాకు నచ్చింది. కానీ ఆ సందేహం నిజంగా ఉంటే, దాన్ని చెప్పవలసిన చోటు అప్పట్లో మంత్రివర్గంలో ఉండే ఉంటుందని కూడా అనిపించింది. ఉగ్రవాదానికి సంబంధం లేకపోయినా 2024 ఆగస్టు నాటి మరో కటింగు అక్కడే ఉంది: కవిత బెయిలు మీద తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చేసిన వ్యాఖ్యలను సుప్రీంకోర్టు తప్పుపట్టడం, ఆయన మర్నాడు బేషరతుగా విచారం వ్యక్తం చేయడం. మన భాషలోనే జరిగిన సంగతి కావడంతో కుర్రవాళ్ళు అక్కడి నుంచే చదవడం మొదలుపెడతారని మాస్టారు చెప్పారు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది, బాధితులకు ఫైలులో చోటు లేదు. మాలేగావ్ తీర్పులో మృతుల కుటుంబాలకు రెండేసి లక్షలు, గాయపడినవారికి యాభై వేల చొప్పున పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం సంగ్రహం చివర ఒక్క వాక్యంగా కనిపిస్తుంది. ఆ తరువాత బాధిత కుటుంబాలు హైకోర్టుకు వెళ్ళిన సంగతి పెన్సిలుతో రాసి ఉంది తప్ప కాగితం లేదు. రైలు పేలుళ్ళలో బిడ్డలను పోగొట్టుకున్నవారికి పందొమ్మిదేళ్ళ తరువాత దోషులెవరో తెలియకుండా పోయింది. పందొమ్మిదేళ్ళు జైల్లో ఉండి వచ్చినవారికి పోయిన వయసు తిరిగి రాదు. మంత్రి మాట వెళ్ళవలసింది మొదట ఈ ఇద్దరి దగ్గరకే అని నమ్ముతాను. అందుకే వీరి పేజీ ఒకటి ప్రతి ఫైలులోనూ చేర్చాలని నిర్వాహకులను గట్టిగా కోరాను. ఆలోచిస్తామన్నారు.

రెండవది, మంత్రుల మాటలకు ఆధారం పత్రిక కటింగులు మాత్రమే. ఎక్స్‌లోనో వీడియోలోనో వచ్చిన మాటను పత్రిక తన మాటల్లో రాస్తుంది. ఆ అసలు పోస్టు ముద్రణ కూడా జతచేస్తే అనువాదంలో తేడా వచ్చిందేమోనన్న అనుమానానికి తావుండదు. సుప్రీంకోర్టు తన తీర్పులను తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లోకి అనువదించి అందుబాటులో ఉంచుతోంది కనుక, ఆ అనువాదాలు దొరికిన చోట సొంత సంగ్రహం పక్కన వాటినీ పెట్టడం మంచిది. మూడవది, అన్ని ఫైళ్ళకూ కలిపి ఒక సూచిక లేదు. ఫలానా మంత్రి ఏయే తీర్పుల మీద మాట్లాడారో తెలుసుకోవాలంటే ఒక్కొక్క ఫైలూ తిప్పవలసిందే. వెనక గదిలో వెలుతురు చాలదు, సాయంత్రం అక్కడ చిన్న అక్షరాలు చదవడం పెద్దవారికి కష్టం.

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టే మనకు ఇలాంటి సేవ శాఖా గ్రంథాలయాల్లోనే దొరకవలసింది. ఇక్కడ అది ఇద్దరు పెద్దమనుషుల పింఛను డబ్బుతో నడుస్తోంది. విరాళం తీసుకోరు, తెల్ల కాగితాల కట్ట తెస్తే మాత్రం కాదనరు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. బాధితుల పేజీ చేరిన రోజున మిగిలిన సగం కూడా ఇస్తాను.

వెళ్ళదలచినవారి కోసం వివరాలు. రాజోలు వైపువారు చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వచ్చి నరసాపురం బస్సు ఎక్కవచ్చు. సఖినేటిపల్లి నుంచి పంటు మీద దాటి వచ్చేవారికి నరసాపురం నుంచి ఆటోలు ఉంటాయి. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం, సాయంత్రం తెరిచి ఉంటుంది, మధ్యాహ్నం మూసేస్తారు. ఫైళ్ళు ఇంటికి ఇవ్వరు, రిజిస్టరులో సంతకం పెట్టి అక్కడే చదువుకోవాలి. తీర్పు పేజీలకు జిరాక్స్ కావలసినవారు శుక్రవారం లోపు పేరా సంఖ్యలు రాసి ఇస్తే ఆదివారం చర్చ సమయానికి తీయించి ఉంచుతారు, పేజీకి రెండు రూపాయలు.